ఖర్చు లేని వల: త్రీడీ మెష్ తయారుచేసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు



మన వార్షికోత్సవ సంచికలో కథలు, కవితలు, జోకులు, పొడుపు కథలు ఎప్పుడూ ఉంటాయి. వాటితోపాటు పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ చదువుతున్న వారికీ, రేపు చదవబోయే వారికీ పనికివచ్చే విషయం ఒకటి ఉంటే బాగుంటుందని మేము ఈ వ్యాసం రాస్తున్నాము. దీనికి కారణం ఒకటే. మనలో చాలామందికి ఇంట్లో మొదటి డిగ్రీ మనదే. ఫైనలియర్ ప్రాజెక్టు ఎంచుకునే రోజున మనకు దారి చూపే అన్నయ్య గానీ, బాబాయి గానీ ఇంట్లో ఉండరు. "ఆ ప్రాజెక్టుకు సాఫ్ట్‌వేరు కావాలి, అది లక్షల్లో ఉంటుంది, మనకెందుకులే" అని మంచి విషయాన్ని వదిలేసి, ఏదో ఒక పాత రిపోర్టు పట్టుకునేవారిని మేము చూశాము. మరికొందరు లైసెన్సు లేని కాపీ ఎక్కించుకుని, వైరస్‌లతో కంప్యూటరు పాడుచేసుకుంటారు. ఆ కాపీతో చేసిన పనిని ధైర్యంగా నలుగురిలో చూపించుకోలేరు కూడా. ఈ రెండు దారులూ కాక మూడో దారి ఉంది. డబ్బు ఖర్చు లేకుండా, న్యాయంగా, ప్రపంచంలో పరిశోధకులు వాడే సాఫ్ట్‌వేరే మనమూ వాడుకోవచ్చు. అదెలాగో చూద్దాం.

మెష్ అంటే ఏమిటి?

మెష్ అంటే వల. కోనసీమలో వల అంటే ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. వల కన్ను ఎంత సన్నగా ఉంటే అంత చిన్న చేప చిక్కుతుంది, కానీ వల బరువెక్కుతుంది, అల్లడానికి రోజులు పడుతుంది. ఇంజనీరింగులో మెష్ కూడా అచ్చం ఇంతే.

ఒక వంతెన మీద లారీ వెళ్తే ఏ చోట ఎంత వంగుతుంది, ఎక్కడ ఒత్తిడి ఎక్కువ అన్నది తెలియాలి. నిటారుగా ఉన్న దూలానికైతే పుస్తకంలో సూత్రం ఉంది. వంకర టింకర ఆకారాలకు సూత్రం లేదు. అప్పుడు ఆ ఆకారాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కకు తేలికైన సమీకరణాలు రాసి, అన్నింటినీ కలిపి కంప్యూటరు చేత సాధిస్తారు. దీనినే ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్ అంటారు. ముక్కలను ఎలిమెంట్లు అని, ముక్కలు కలుసుకునే బిందువులను నోడ్లు అని అంటారు. ఈ ముక్కల కూర్పే మెష్.

1943లో కూరాంట్ అనే గణితవేత్త త్రిభుజాలుగా విడగొట్టి లెక్క చేసే పద్ధతిని చూపాడు. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనే నలుగురు విమాన నిర్మాణాల లెక్కలకు ఈ మార్గం వేశారు. 1960లో క్లఫ్ దీనికి ఇప్పుడున్న పేరు పెట్టాడు.

ఈ రంగంలో తెలుగువారికి పెద్ద పేరే ఉంది. వరంగల్ ప్రాంతంలో పుట్టి ఉస్మానియాలో ఇంజనీరింగు చదివిన జె.ఎన్. రెడ్డి గారు రాసిన ఫైనైట్ ఎలిమెంట్ పాఠ్యపుస్తకం 1984లో వెలువడింది. ఈనాటికీ అనేక దేశాల్లో విద్యార్థులు దాన్ని చదువుతున్నారు. తిరుపతి చంద్రుపట్ల గారు అశోక్ బెలెగుండు గారితో కలిసి రాసిన పుస్తకం 1991లో వచ్చింది. మన ఇంజనీరింగు కాలేజీల లైబ్రరీల్లో అది కనిపిస్తుంది. గుడివాడలో పుట్టిన అట్లూరి సత్యనాథం గారు ఇంకో అడుగు ముందుకు వేసి, అసలు మెష్ లేకుండానే లెక్క చేసే పద్ధతిని 1998లో ప్రతిపాదించారు. 2013లో ఆయనకు పద్మభూషణ్ లభించింది. మెష్ వేయడం ఎంత తలనొప్పి పని కాకపోతే, దాన్ని తప్పించుకోవడానికి అంతటి శాస్త్రవేత్త ఒక పద్ధతి కనిపెడతారు!

మన ఊరి ఉదాహరణ

పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీద అక్విడక్టు మనందరికీ తెలుసు. కాటన్ దొర కాలంలో, లెఫ్టినెంట్ హేగ్ ఆధ్వర్యంలో 1852లో 49 ఆర్చీలతో పాతది కట్టారు. నది మీదుగా కాలువ దాటి అవతలి లంకకు నీళ్లందించింది. పక్కనే 2000 సంవత్సరంలో కొత్తది వచ్చింది. దానికి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాము.

ఇప్పుడు పాత అక్విడక్టులో ఒక ఆర్చీని తీసుకుందాం. అది నిటారు దూలం కాదు. కింద స్తంభం ఉంది, పైన వంపు ఉంది, వంపు మీద నింపిన కట్టడం ఉంది, ఇరుపక్కల గోడలు ఉన్నాయి. ఇవన్నీ కలిసి ఎలా పనిచేస్తాయో కాగితం మీద ఒక్క సూత్రంతో కచ్చితంగా లెక్కించడం కష్టం. ఒక స్తంభం కింద నేల కొద్దిగా కుంగితే ఆర్చీలో ఎక్కడ బీట పడుతుంది అనే ప్రశ్నకు జవాబు కావాలంటే మూడు కొలతల్లోనూ, అంటే పొడవు, వెడల్పు, ఎత్తులలో మెష్ వేయాలి. దీన్నే త్రీడీ మెష్ అంటాం.

ఇంకో ఉదాహరణ తుపాను. 1996 నవంబరు 6న వచ్చిన తుపానులో మన ప్రాంతంలో ఎంత ప్రాణనష్టం జరిగిందో, ఎన్ని కొబ్బరి తోటలు నేలకొరిగాయో మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఈనాడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉప్పెన ఎంత ఎత్తున వస్తుందో ముందుగా లెక్కించి హెచ్చరిస్తుంది. ఈ సంస్థ 1999లో ఏర్పడింది. వారు వాడే అడ్‌సర్క్ అనే మోడల్ సముద్రాన్ని త్రిభుజాలుగా విడగొడుతుంది. నడి సముద్రంలో పెద్ద త్రిభుజాలు, తీరం దగ్గర, నదీ ముఖాల దగ్గర చిన్న త్రిభుజాలు. అంతర్వేది దగ్గర వల కన్ను సన్నగా ఉంటేనే ఏ ఊరికి నీరు ఎంత వస్తుందో తెలిసేది. ఇది త్రీడీ మెష్ కాదు, ఉపరితలం మీది మెష్. కానీ సూత్రం ఒకటే: అవసరమైన చోట సన్నన, అవసరం లేని చోట ముతక.

కన్ను సన్నగిల్లితే ఏమవుతుంది?

పంట కాలువ మీద ఒక చిన్న శ్లాబు కల్వర్టు ఉందనుకుందాం. రోడ్డు వెడల్పు 4 మీటర్లు, కాలువకు అడ్డంగా 3 మీటర్లు, మందం 30 సెంటీమీటర్లు. దీన్ని 10 సెంటీమీటర్ల ఘనాలుగా కోస్తే 40 × 30 × 3, అంటే 3,600 ఎలిమెంట్లు వస్తాయి. నోడ్లు 41 × 31 × 4, అంటే 5,084. ప్రతి నోడు మూడు దిశల్లో కదలగలదు కనుక తెలియని రాశులు 15,252.

ఇప్పుడు ఘనం భుజాన్ని సగం చేద్దాం, 5 సెంటీమీటర్లు. ఎలిమెంట్లు రెట్టింపు కావు, ఎనిమిది రెట్లవుతాయి: 28,800. నోడ్లు 34,587. తెలియని రాశులు 1,03,761. ఈ సమీకరణాల పట్టికను గడి గడికీ నింపి కంప్యూటరులో దాచాలంటే 86 గిగాబైట్లు కావాలి. ఏ హాస్టల్ కంప్యూటరులో అంత మెమరీ ఉంటుంది? అయితే ఒక్కొక్క నోడు తన చుట్టుపక్కల నోడ్లతోనే సంబంధం కలిగి ఉంటుంది. కనుక పట్టికలో దాదాపు అన్ని గడులూ సున్నాలే. సున్నాలు వదిలి మిగతావి దాస్తే సుమారు 67 మెగాబైట్లు చాలు. సాధించే సమయంలో మెమరీ ఇంకా పెరుగుతుంది గానీ, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటరు మీద కూడా ఇటువంటి లెక్క నడుస్తుంది. కాబట్టి "మా దగ్గర మంచి కంప్యూటరు లేదు" అన్నది సాకు కారాదు.

ముక్కలు కోయడంలో మెళకువ

శ్లాబును ఘనాలుగా కోయడం సులువు. ఆర్చీని ఘనాలుగా కోయడం కష్టం. ఎటువంటి ఆకారాన్నైనా చక్కని ఆరు ముఖాల ముక్కలుగా దానంతట అదే కోసే మార్గం నేటికీ పూర్తిగా దొరకలేదు. కానీ నాలుగు ముఖాల ముక్కలుగా, అంటే టెట్రాహెడ్రన్లుగా కోయడం కంప్యూటరుకు వచ్చు. అందుకే త్రీడీ మెష్ సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా వీటినే వాడతాయి.

దీని వెనుక 1934లో డెలానే అనే రష్యన్ గణితవేత్త చెప్పిన సూత్రం ఉంది. ప్రతి టెట్రాహెడ్రన్ నాలుగు మూలల గుండా ఒక గోళం గీయవచ్చు. ఆ గోళం లోపల ఇంకే నోడూ ఉండకూడదు. ఇదే నియమం. సమతలం మీద ఈ నియమం పాటిస్తే సన్నని కోణాల త్రిభుజాలు సాధ్యమైనంత వరకు తప్పిపోతాయి. కానీ త్రీడీలో ఒక చిక్కుంది. కొబ్బరికాయ నడుము చుట్టూ సమాన దూరాల్లో నాలుగు చుక్కలు పెట్టండి. రెండు చుక్కలను కొంచెం పైకి, రెండింటిని కొంచెం కిందకు జరపండి. ఆ నాలుగింటినీ కలిపితే వచ్చే ముక్క భుజాలు చక్కగానే ఉంటాయి, గోళం నియమమూ తప్పదు, కానీ మందం దాదాపు సున్నా! అప్పడంలా చదునుగా ఉంటుంది. దీన్ని స్లివర్ అంటారు. ఇటువంటి ముక్కలు లెక్కను పాడుచేస్తాయి. మంచి సాఫ్ట్‌వేరు మెష్ వేసిన తరువాత ఇలాంటి వాటిని వెతికి, నోడ్లను కొద్దిగా జరిపి, ముఖాలను మార్చి సరిచేస్తుంది. దీన్నే ఆప్టిమైజ్ చేయడం అంటారు.

ఏయే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి?

1. జీమెష్: బెల్జియం దేశంలో లియెజ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టాఫ్ గుజేన్, లూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్-ఫ్రాన్సువా రెమాకిల్ 1996లో దీన్ని మొదలుపెట్టారు. బొమ్మ గీయడం, మెష్ వేయడం, ఫలితాలు రంగుల్లో చూడటం అన్నీ ఇందులోనే ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవారు దీనితోనే మొదలుపెట్టాలని మా సలహా.

2. నెట్‌జెన్: ఆస్ట్రియాకు చెందిన యోఆకిమ్ షోబెర్ల్ తయారుచేశారు. టెట్రాహెడ్రన్లను చక్కదిద్దడంలో దిట్ట. జీమెష్ కూడా దీని ఆప్టిమైజర్‌ను వాడుకునే వీలు కల్పించింది.

3. టెట్‌జెన్: బెర్లిన్‌లోని పరిశోధనా సంస్థలో హాంగ్ సీ రాశారు. బొమ్మలు, బటన్లు ఉండవు. ఇచ్చిన ఉపరితలం లోపల టెట్రాహెడ్రన్లు నింపడమే దీని పని.

4. సలోమే: ఫ్రాన్స్ దేశపు విద్యుత్ సంస్థ, అణుశక్తి సంస్థల సహకారంతో వచ్చింది. పెద్ద నిర్మాణాలకు తగినది. దీనికి జోడీగా కోడ్ ఆస్టర్ అనే లెక్కించే సాఫ్ట్‌వేరు 2001 నుండి స్వేచ్ఛగా దొరుకుతోంది.

5. ఫ్రీకాడ్: ముందు ఆకారం గీసుకుని, అక్కడి నుంచే జీమెష్‌ను గానీ నెట్‌జెన్‌ను గానీ పిలిచి మెష్ వేయించి, కాల్క్యులిక్స్ అనే సాఫ్ట్‌వేరు చేత లెక్క కట్టించవచ్చు. దీని 1.0 వెర్షను 2024 నవంబరులో విడుదలైంది.

మెష్ వేసేది వేరు, లెక్క కట్టేది వేరు అని గుర్తుంచుకోవాలి. జీమెష్ వల అల్లుతుంది, కాల్క్యులిక్స్ ఆ వలతో చేపలు పడుతుంది.

జీమెష్‌తో పని ఎలా సాగుతుంది?

ముందుగా బిందువులు పెట్టాలి. ప్రతి బిందువుకూ దాని స్థానంతోపాటు అక్కడ ఎలిమెంటు ఎంత పెద్దగా ఉండాలో చెప్పవచ్చు. తరువాత బిందువులను గీతలతో, వంపు గీతలతో కలపాలి. గీతలను చుట్టగా కలిపి ముఖం చేయాలి. ఆ ముఖాన్ని ఎక్స్‌ట్రూడ్ అనే ఆజ్ఞతో సాగదీస్తే ఘనాకారం వస్తుంది. మన ఆర్చీ అయితే ఎదుటి ముఖాన్ని గీసి, వంతెన వెడల్పు మేర సాగదీస్తే చాలు. ఇదంతా మౌసుతో చేయవచ్చు, లేదా మామూలు టెక్స్ట్ ఫైలులో పదీ పదిహేను వరుసలు రాసుకోవచ్చు. పైథాన్ వచ్చినవారు పైథాన్‌లోనే రాసుకోవచ్చు. ఫైలులో రాసుకుంటే లాభమేమిటంటే, ఆర్చీ ఎత్తు మార్చాలంటే ఒక్క అంకె మారిస్తే సరిపోతుంది.

తరువాత మెష్ మెనూలో వన్‌డీ, టూడీ, త్రీడీ అని వరుసగా నొక్కాలి. ముందు అంచులు, తరువాత ముఖాలు, చివరకు లోపలి భాగం ముక్కలవుతాయి. మేము గమనించి చెప్పదలచిన జాగ్రత్తలు ఇవి:

మొదటిది, కొలతలు. జీమెష్‌కు మీటరు, మిల్లీమీటరు తేడా తెలియదు. అంకెలు మాత్రమే తెలుసు. మిల్లీమీటర్లలో గీస్తే బలం న్యూటన్లలో ఇవ్వాలి, అప్పుడు ఒత్తిడి మెగాపాస్కల్స్‌లో వస్తుంది. రెండూ కలగాపులగం చేస్తే జవాబు వేల రెట్లు తప్పుతుంది.

రెండవది, పేర్లు. ఏ ముఖం మీద బరువు పడుతుంది, ఏ ముఖం కదలకుండా ఉంటుంది అన్నదానికి ఫిజికల్ గ్రూప్ అనే పేర్లు పెట్టాలి. ఒకసారి ఈ పేర్లు పెడితే, పేరు పెట్టిన భాగాలే ఫైలులోకి వెళ్తాయి. కనుక లోపలి ఘన భాగానికి కూడా పేరు పెట్టడం మరువకూడదు.

మూడవది, ఆర్డరు. నాలుగు నోడ్ల మామూలు టెట్రాహెడ్రన్ వంగే చోట అవసరానికి మించి బిగుసుకుపోతుంది. వంతెన నిజంగా వంగేదాని కంటే చాలా తక్కువ వంగినట్లు చూపి, లేని భరోసా ఇస్తుంది. అందుచేత సెట్ ఆర్డర్ 2 అని నొక్కి, ప్రతి భుజం మధ్యన ఒక నోడు చేర్చి, పది నోడ్ల టెట్రాహెడ్రన్లు వాడాలి.

నాలుగవది, నాణ్యత. స్టాటిస్టిక్స్ అనే కిటికీలో ఎలిమెంట్ల నాణ్యత చూపుతుంది. సున్నాకు దగ్గరగా ఉన్నవి కనిపిస్తే ఆప్టిమైజ్ చేయాలి, లేదా ఆ చోట ఆకారాన్ని సరళం చేయాలి.

రంగుల బొమ్మను నమ్మవచ్చా?

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మాట. కంప్యూటరు ఇచ్చే ఎరుపు, నీలం రంగుల బొమ్మ ఎంతో అందంగా ఉంటుంది. తప్పు లెక్కకు కూడా అంతే అందమైన బొమ్మ వస్తుంది. లక్షల రూపాయల సాఫ్ట్‌వేరైనా, ఖర్చు లేనిదైనా ఈ విషయంలో తేడా లేదు. బొమ్మను నమ్మి వంతెన కడితే దాని మీద నడిచేది బడికి వెళ్లే పిల్లలు.

కనుక చేత్తో ఒకసారి లెక్క చేసి చూడాలి. పై కల్వర్టు శ్లాబు రెండు చివరల ఆని ఉందనీ, చదరపు మీటరుకు 10 కిలోన్యూటన్ల బరువు ఉందనీ, కాంక్రీటు ఎలాస్టిక్ మాడ్యులస్ 25 గిగాపాస్కల్స్ అనీ అనుకుందాం. పుస్తకంలోని 5, 384 అంకెల సూత్రం ప్రకారం నడిమధ్యన దిగుబాటు సుమారు 0.19 మిల్లీమీటర్లు. కంప్యూటరు దాదాపు ఇంతే చెబితే మన దారి సరైనదే. 0.02 అనో, 19 అనో వస్తే ఎక్కడో పొరపాటుంది. ఇలా తెలిసిన దానితో సరిచూసుకున్నాకే తెలియని ఆర్చీ జోలికి పోవాలి.

ఆ తరువాత కన్ను సగం చేసి మళ్లీ లెక్కించాలి. జవాబు పెద్దగా మారకపోతే మెష్ చాలినంత సన్నగా ఉన్నట్లే. మారుతుంటే ఇంకా సన్నం చేయాలి. ఒక మినహాయింపు ఉంది. లోపలికి మడిచిన పదునైన మూల దగ్గర ఎంత సన్నం చేస్తే ఒత్తిడి అంత పెరుగుతూనే పోతుంది. అది నిజమైన అంకె కాదు, పదును వల్ల వచ్చే గణిత విచిత్రం. అక్కడ మూలను కాస్త గుండ్రం చేసి చూడాలి.

ఉచితమా? స్వేచ్ఛా?

"ఊరికే వచ్చేది ఏం బాగుంటుంది?" అని కొందరు చప్పరించేస్తారు. ఒక ప్రాజెక్టు వైవాలో మా మిత్రుడు ఒకడు ఫ్రీ సాఫ్ట్‌వేరు పేరు చెప్పగానే ఎదుట ఉన్న పెద్దమనిషి నవ్వాడు. మావాడు తొణకలేదు. చేత్తో చేసిన లెక్కనూ, మూడు సైజుల మెష్‌లతో వచ్చిన జవాబులనూ ఒకే పేజీలో చూపించాడు. ఆ తరువాత ప్రశ్నలన్నీ ఆర్చీ మీదే అడిగారు, సాఫ్ట్‌వేరు ధర మీద కాదు.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే ఉద్యమం ప్రకటించాడు. ఆయన దృష్టిలో ఫ్రీ అంటే ఉచితం కాదు, స్వేచ్ఛ. వాడుకునే స్వేచ్ఛ, లోపల ఎలా రాశారో చదివే స్వేచ్ఛ, పదిమందికీ పంచే స్వేచ్ఛ, మార్చుకునే స్వేచ్ఛ. జీమెష్ ఈ పద్ధతి లైసెన్సు కిందే వస్తుంది. అంటే ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి హాస్టల్ అంతటికీ పంచినా అది దొంగతనం కాదు, మన హక్కు. సీతమ్మ గారి ఇంట పంక్తిలో కూర్చున్నవారు ఎవరికీ తలవంచనక్కర లేనట్లే, ఇక్కడా మనం ఎవరికీ తలవంచనక్కర లేదు. తేడా ఏమిటంటే, ఈ పంక్తిలో తిన్నవాడు రేపు వడ్డించవచ్చు కూడా. లోపం కనిపిస్తే తెలియజేయవచ్చు, కోడు రాసి పంపవచ్చు, పాఠం తెలుగులో రాయవచ్చు.

కష్టాలు లేవని అనము. మాన్యువల్స్ ఇంగ్లీషులో ఉంటాయి. ఫోను చేస్తే వచ్చి చెప్పే కంపెనీ మనిషి ఉండడు. మొదటి వారం చికాకు పుడుతుంది. కానీ సహాయం ఉంది. ఐఐటీ బొంబాయిలోని ఫోస్సీ ప్రాజెక్టు కాలేజీలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ల వాడకాన్ని ప్రోత్సహిస్తోంది. స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ఆచార్యుల ఫైనైట్ ఎలిమెంట్ క్లాసులు ఉచితంగా వినవచ్చు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ పేరే మన తెలుగు మాట.

చివరిగా...

మిత్రులారా! మన జిల్లాకు 2022లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారి పేరు వచ్చింది. చదువుకు డబ్బు అడ్డు కాకూడదన్నది ఆయన జీవితం మనకు చెప్పే పాఠం. మన చుట్టూ ఉన్న పాత తూములు, లాకులు, వంతెనలు, తుపానుకు ఊగే కొబ్బరి చెట్లు అన్నీ మంచి ప్రాజెక్టులే. వాటిని కొలిచి, మెష్ వేసి, లెక్క కట్టేవారు బయటి నుండి రానక్కర లేదు.

కనుక మా విన్నపం ఇది. సీనియర్లు ఒక ఆదివారం హాస్టల్ కంప్యూటరులో జీమెష్, ఫ్రీకాడ్ ఎక్కించండి. జూనియర్లకు శ్లాబు కల్వర్టు మెష్ ఒకటి చేసి చూపించండి. ముందు 0.19 వచ్చేదాకా చేయండి. ఆ తరువాత గన్నవరం ఆర్చీ పని పట్టవచ్చు. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఆ మెష్ బొమ్మ, దాని కింద మీ లెక్క చూడాలని కోరుకుంటున్నాము.